అరవై మూడో సరుకు

ఆ ఆదివారం పొద్దున నా చేతిలో రెండు కిలోల శీలావతి ఉంది, మా ఆయన నోట్లో పివట్ అనే మాట ఉంది. రెండూ పట్టు దొరక్కుండా జారుతున్నాయి. శీలావతికి కాస్త బూడిద రాస్తే నిలిచింది. పెరట్లో పీట వేసుకుని పొలుసు గీకుతున్న నా నెత్తి మీదుగా, మేడ మెట్ల మీద నిలబడి ఆయన ఫోనులో చెబుతున్నారు. "మనం పివట్ అవ్వాలి చక్రీ, దారి మార్చాలి. అసలు కస్టమర్‌కి నొప్పి ఎక్కడుందో పట్టుకోవాలి." పొలుసొకటి ఎగిరొచ్చి నా కంటికింద అతుక్కుంది. ఆయన ఫోను పెట్టేసి, "తొందరగా కానీ రాజ్యం, పదకొండింటికి మీటింగుంది" అన్నారు. నొప్పి ఎక్కడుందో అప్పుడే చూపించి ఉండేదాన్ని. చేతులు ఖాళీ లేవు.

మా ఆయన పేరు రామకోటేశ్వరరావు. అది బ్యాంకు పాస్‌బుక్కులో. విజిటింగ్ కార్డు మీద ఆర్.కె., ఫౌండర్ అండ్ సీఈఓ. కైకలూరు వైపు మామగారి పొలం ముందు చేపల చెరువైంది, మామగారు పోయాక ఆ చెరువు కంపెనీ అయింది. పటమటలో మా ఇంటి పై వాటాయే ఆఫీసు. ఆరుగురు మనుషులు, ఎనిమిది కంప్యూటర్లు, గోడ మీద పెన్నుతో రాసి తుడుచుకునే తెల్లబల్ల ఒకటి. ఫోనులో ఆర్డరు పెడితే చెరువు మీద పట్టిన చేప ఐసుపెట్టెలో పడి, హనుమాన్ జంక్షన్ మీదుగా వ్యానులో తెల్లారేసరికి విజయవాడ వచ్చి, గుమ్మంలో వాలుతుంది. యాప్ పేరు గాలం. రెండేళ్ళుగా వేసుకుని కూర్చున్నారు.

నేను బీఎస్సీ జువాలజీ. చేప మొప్పల బొమ్మ వేసి ఇరవైకి పద్దెనిమిది మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చదువు ఇరవై రెండేళ్ళుగా ఆదివారం ఆదివారం వాడకంలోనే ఉంది, వృథా పోయిందని ఎవరూ అనలేరు. కంపెనీలో నాకు ఉద్యోగం లేదు కానీ పనులున్నాయి. పదకొండింటికి, నాలుగింటికి పైకి టీ పంపాలి. యాప్‌లో "మా సపోర్ట్ టీమ్‌తో మాట్లాడండి" అని ఒక నంబరుంటుంది, ఆ టీమ్ నేనే. ఇల్లాలి ఫోను ఎలాగూ ఖాళీగానే ఉంటుందని పెట్టారు. ఇంకోటి, అరవై రెండు రకాల చేపలకీ రొయ్యలకీ తెలుగు పేర్లు టైపు చేయడం. మొదట కంప్యూటరు చేత అనువాదం చేయిస్తే అది చందువాని వెన్నచేప చేసింది, మట్టగిడసకి ఏం పేరు పెట్టిందో ఇక్కడ రాయలేను. అప్పుడు నన్ను పిలిచి, పాత లాప్‌టాప్‌లో ఒక లాగిన్ ఇచ్చి వంటింట్లో కూర్చోబెట్టారు. లాగిన్ పేరు అడ్మిన్ టూ. మూడు మధ్యాహ్నాల్లో పేర్లన్నీ పెట్టాను. "థాంక్యూ వదినగారూ" అన్నాడు చక్రి. మా ఆయన భాగస్వామి, యాప్ కట్టింది అతనే. లాగిన్ వెనక్కి తీసుకోవడం మాత్రం ఇద్దరూ మర్చిపోయారు. పళ్ళెం ఎత్తడం మర్చిపోయినట్టే, పెద్ద ఆశ్చర్యం కాదు.

సపోర్ట్ టీమ్‌నయ్యాక నాకు ఊరంతా తెలిసింది. భవానీపురం నుంచి ఒక బ్యాంకావిడ ఫోన్ చేసింది. "చేప నవనవలాడుతోందండీ, వంక పెట్టటానికి లేదు. కానీ ఎనిమిదింటికి ఇచ్చి వెళ్ళారు, తొమ్మిదింటికి నేను బయల్దేరాలి. దీన్ని ఎవరు బాగుచేస్తారండీ? ఫ్రిజ్‌లో తోకతో సహా నా వంకే చూస్తోంది." సింగ్‌నగర్ నుంచి ఇంకొకావిడ, "పిత్తం చిట్లి చేపంతా చేదైపోయిందండీ, మా అత్తగారు మూడు రోజుల్నించి మాట్లాట్టల్లేదు" అంది. ఆ మూడు రోజులూ హాయిగా గడిచి ఉంటాయి కదా అని నోటిదాకా వచ్చింది, సపోర్ట్ టీమ్ అలా అనకూడదని ఊరుకున్నాను. అందరిదీ అదే గోడు. చేపని యాప్‌లో చూస్తారు, బుట్టలో వేసుకుంటారు, తర్వాత ఆదివారం పొద్దున పెరట్లో పీటా, గోళ్ళలో నీచూ గుర్తొచ్చి యాప్ మూసేస్తారు.

పైనేమో ఆ మూసేసిన లెక్కకి గ్రాఫులు గీశారు. వందమంది బుట్టలో వేసుకుంటే డెబ్బై మంది కొనకుండా వెళ్ళిపోతున్నారట. బటన్ రంగు ఆకుపచ్చ నుంచి నారింజకి మార్చారు. మళ్ళీ ఆకుపచ్చకి మార్చారు. నేను టీ పెడుతూ మూడుసార్లు చెప్పాను. మొదటిసారి మా ఆయన, "అది ఎక్కడో ఒకరిద్దరి సమస్య రాజ్యం" అన్నారు. రెండోసారి, "సరే, నోట్ చేసుకుంటాంలే" అన్నారు, తెల్లబల్ల మీద ఏమీ నోటవలేదు. మూడోసారి భోజనాల దగ్గర ఎత్తితే అత్తయ్యగారు చేప తలకాయ జుర్రుకుంటూ, "చేప బాగుచేయటానికి డబ్బులిచ్చేవాళ్ళుంటారా అమ్మాయ్? వాళ్ళ కొంపల్లో ఆడాళ్ళు లేరా?" అన్నారు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ ఒక సంగతి వెలిగింది. ఆ ముందు రోజే బల్ల మీద ఆయన కంపెనీ ప్లాను కాయితం చూశాను. ఐసుకి ఖర్చు, వ్యానుకి ఖర్చు, అట్టపెట్టెకి, దాని మీద అంటించే స్టిక్కరుకి కూడా ఖర్చు రాశారు. 'శుభ్రం చేయడం' అన్న గడిలో సున్నా ఉంది. మోసం చేద్దామని వేసిన సున్నా కాదది. ఆయనకి తెలిసిన ఒకే ఒక ఇంట్లో ఆ పని ఖరీదు నిజంగానే సున్నా. రెండేళ్ళుగా కంపెనీ ఆ గడిలో పడి లేవలేకపోతోంది.

శుక్రవారం టీ తీసుకుని పైకి వెళ్ళేసరికి గదిలో అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. సోమవారం హైదరాబాద్ నుంచి జయపాల్ గారు వీడియోలోకి వస్తారట. ఆయన ఈ కంపెనీలో డబ్బు పెట్టిన పెద్దమనిషి. చూపించటానికి కొత్తదేమీ లేకపోతే నెలాఖరుకి మూసేయమంటారట. మా ఆయన దగ్గర ఒక ఆలోచన ఉంది, చేప కన్ను ఫోటో తీస్తే తాజాదో కాదో చెప్పే కృత్రిమ మేధ. "నాలుగు నెలల్లో కట్టొచ్చు" అన్నాడు చక్రి గొంతులో ప్రాణం లేకుండా. చేప కన్ను చూసి తాజాదో కాదో చెప్పటానికి మా సందులో ఏ ఆడమనిషికీ నాలుగు క్షణాలు పట్టదు. ట్రే పట్టుకుని మెట్లు దిగుతూ భయాలు లెక్కపెట్టుకున్నాను. గాలం మూతపడితే ఆరుగురి ఉద్యోగాలు పోతాయి, ఆయన ఆరు నెలలు గోడ వంక చూస్తూ కూర్చుంటారు. అవి ఎలాగూ ఉన్న భయాలు. నాది వేరే. నాకొక్కదానికే తెలిసిన సంగతి, సున్నా కింద పడి, కంపెనీతోపాటే పూడిపోతుంది. "నేను అప్పుడే చెప్పాను" అనే హక్కు మిగులుతుంది, దాన్ని ఏ కూరలో వేసుకోను?

శనివారం పొద్దున కూరలకని సంచి పట్టుకుని బందరు కాలువ గట్టుకి వెళ్ళాను. అక్కడ చేపలమ్మే వరసలో మూడోది పెద్దింట్లమ్మ. ఏ చేప కొన్నా సరే, కత్తిపీట మీద కాలు వేశాక ఒక మాట అడక్కుండా కత్తి ఆడించదు.

"పులుసుకా, వేపుడుకా?"

పులుసుకైతే వేలెడు మందాన, ముల్లు నిలిచేట్టు. వేపుడుకైతే పల్చగా, మసాలా పట్టేట్టు. గాలం యాప్‌లో లొకేషన్ అడుగుతారు, పుట్టినరోజు అడుగుతారు. ఇది అడగరు.

"పెద్దింట్లమ్మా, రేపు పొద్దున నీ దగ్గరికి వ్యాను నిండా చేపలొస్తే బాగుచేసి ఇస్తావా? చేపకి ఇంత అని నీ చేతికే ఇస్తా."

ఆమె కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవురింట్లోనమ్మా పెళ్ళి?"

"పెళ్ళి కాదు. మా ఆయన కంపెనీ."

"ఆ ఫోనులో చేపలమ్మేవోళ్ళదా! మా బేరాలు సగం ఎత్తుకుపోయింది మీరేనా?"

"ఎత్తుకుపోతే ఇట్లా ఉండేవాళ్ళమా? వందకి డెబ్బై మంది వచ్చి చూసి పోతున్నారు. ఎందుకు పోతున్నారో నీకు తెలుసు, నాకు తెలుసు, మా ఇంటి మగాళ్ళకే తెలీదు."

పెద్దింట్లమ్మ పకపకా నవ్వింది. "మగాళ్ళు పెట్టిన చేపల కొట్టా అది! అదీ సంగతి." తర్వాత నవ్వు ఆపి బేరంలోకి దిగింది. తనూ, తోడికోడలూ, వరసలో ఇంకో ఇద్దరూ కూర్చుంటారు. చేపకి అరవై రూపాయలు, అందులో పైసా మధ్యలో ఎవరూ తీయకూడదు. "మనిషికి పది చేపలు. మొత్తం నలభై. నలభై ఒకటోది తెచ్చావా, కాలవలో ఇసిరేస్తా. పది దాటితే చెయ్యి జారుద్దమ్మా, తెగేది మీ యాపు కాదు, మా వేళ్ళు." ఇంకో షరతు కూడా పెట్టింది. "మీ మగాళ్ళని మాత్రం నా పీట దగ్గరికి పంపమాక. సలహాలిస్తారు."

వ్యాను తోలే కాశీరావుకి ఫోను చేసి, రేపు ముందు కాలువ గట్టు దగ్గర ఆపమన్నాను. ఆయన యాభై ఏళ్ళ మనిషి, ఎందుకని కూడా అడగలేదు. రెండేళ్ళుగా ఫలానా ఇల్లు ఎక్కడమ్మా అని రోజూ నన్నే అడుగుతున్నాడు, కంపెనీ అంటే ఆయన లెక్కలో నా గొంతే. "సరేనమ్మగారూ" అని పెట్టేశాడు. ఇంత సులువా ఒక నిర్ణయం అమలు చేయడం! పైనుంటే దీనికి రెండు మీటింగులు, నాలుగు ప్లేట్ల పకోడీ అయ్యేవి.

ఆదివారం చేపలకి శనివారం నాలుగింటి నుంచి ఆర్డర్లు తీసుకుంటారు. మూడున్నరకి అత్తయ్యగారు కునుకు తీస్తుండగా, వంటింటి గట్టు మీద గ్రైండరు పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని అడ్మిన్ టూగా లోపలికి వెళ్ళాను. కొత్త సరుకు చేర్చే చోటు నాకు కంఠతా వచ్చు. అరవై రెండుసార్లు చేర్చాను మరి. అరవై మూడో సరుకు: 'శుభ్రం చేసి, కోసి ఇవ్వబడును.' మళ్ళీ చూసుకుని 'ఇవ్వబడును' కొట్టేశాను, అది రేషన్ షాపు బోర్డులా ఉంది. 'మీ చేప మేం బాగుచేసి ఇస్తాం. పులుసుకా? వేపుడుకా?' అని రాశాను. ఖరీదు, అరవై. ఉన్న సరుకు ఎంత అని ఒక గడి అడిగింది. నలభై. అమ్మేవారి పేరు అని ఇంకో గడి. పెద్దింట్లమ్మ, మరి ముగ్గురు. అత్తయ్యగారి గురక ఒకసారి విని బటన్ నొక్కాను. ఇరవై రెండేళ్ళలో అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరినీ అడక్కుండా నేను చేసిన పెద్ద పని పాపిడిబిళ్ళల అచ్చున్న గోధుమరంగు కర్టెన్లు కొనడం. దాని మీద కూడా ఏడాది మాటలు పడ్డాను.

నాలుగింటికి గ్రైండరు వేశాను. నాలుగూ ఐదుకి లాప్‌టాప్ టింగుమంది. నాలుగూ తొమ్మిదికి మళ్ళీ. భవానీపురం బ్యాంకావిడ, శీలావతి, పులుసుకి. తర్వాత టింగు టింగుకీ మధ్య పిండి తోయటానికి కూడా వీల్లేకపోయింది. కొరమీను, వేపుడుకి. బొచ్చె, పులుసుకి. సింగ్‌నగరావిడ పండుగప్ప పెట్టి కింద రాసింది, "పిత్తం జాగ్రత్తండీ." మామూలు శనివారం సాయంత్రం మొత్తం మీద పదిహేను ఆర్డర్లు వస్తే పైన స్వీట్లు పంచుకుంటారు. ఐదుంపావుకి ముప్పై ఒకటి. నాకు కాలు నిలవలేదు. మినప్పిండి చేత్తోనే గడపదాకా వెళ్ళి వచ్చాను, ఎందుకు వెళ్ళానో తెలియదు. ఒకరితో చెప్పాలనిపించింది, అత్తయ్యగారు నిద్రపోతున్నారు, తులసికోటకి చెప్పాను. తలుపులు మూసిన ఇన్ని వంటిళ్ళలో ఇంతమంది నాలాగే గోళ్ళు వాసన చూసుకుంటూ కూర్చున్నారా! ఒక్కో టింగుకీ ఒక్కో ఆడమనిషి పీట మీంచి లేచి నడుం సర్దుకున్నట్టనిపించింది.

ఐదున్నరకి నలభై నిండింది. 'సరుకు అయిపోయింది, మళ్ళీ వచ్చే ఆదివారం' అన్న బోర్డు దానంతటదే పడింది. అప్పుడే మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పైన గ్రాఫు ఒక్కసారి లేచి నిలబడేసరికి యాప్‌లోకి ఎవరో దొంగ జొరబడ్డాడని అనుకున్నారట. చక్రి చిట్టాలు తిరగేసి, "అన్నా, ఇదంతా చేసింది అడ్మిన్ టూ" అన్నాడట. అడ్మిన్ టూ ఎవరబ్బా అని పది నిమిషాలు తల బాదుకున్నారట. ఇద్దరూ వంటింటి గుమ్మంలో ఆగారు. నా ముందు లాప్‌టాప్ తెరిచే ఉంది.

"రాజ్యం, నువ్వా?"

"పిండి ఎక్కువైందండీ, రేపు దోసెలు వేయనా?"

"అసలు ఎవర్నడిగి పెట్టావ్?" అన్నారు. అంతలోనే గొంతు మారింది. "సరే పెట్టావ్, బానే ఉంది. మరి నలభై దగ్గర ఎందుకు ఆపావ్? అటు పెరుగుతుంటే ఆపుకుంటారా ఎవరన్నా? తీయ్, ఆ బోర్డు తీసేయ్, రెండొందలు పెట్టు!"

"తీయను."

ఆ మాట నేనే అన్నానా అని నేనూ ఆయనతోపాటే ఆశ్చర్యపోయాను. చక్రి ఒకడే నేల చూపులు చూస్తూ చిన్నగా నవ్వుకున్నాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకల్లా నలభై ఇళ్ళకీ ముక్కలు చేరాయి. కాశీరావు దారిలో ఒక అట్టపెట్టె తారుమారు చేశాడు, పటమటలో ఒకావిడకి పులుసు ముక్కలకి బదులు వేపుడు ముక్కలు వెళ్ళాయి. ఆవిడ ఫోన్ చేసి తిడుతుందనుకుని చెవి దూరంగా పెట్టుకున్నాను. "వేపుడే చేశానండీ, పర్లేదు. మళ్ళీ ఆదివారానికి ఇప్పుడే రాసుకోండి" అంది.

సోమవారం జయపాల్ గారు గోడ మీద తెరలోకి వచ్చారు. నేను కాఫీలు పట్టుకుని వెళ్ళేసరికి మా ఆయన తెల్లబల్ల దగ్గర నిలబడి చెబుతున్నారు. "మా టీమ్ వీకెండ్‌లో చిన్న ప్రయోగం చేసింది సార్. ఊహించని స్పందన." జయపాల్ గారు కళ్ళజోడు తీశారు. "చాలా బాగుంది ఆర్.కె. గారూ. నాకు నచ్చింది ఆర్డర్లు రావడం కూడా కాదండి, నలభై దగ్గర ఆపడం. ఇన్ని చిన్న కంపెనీలు చూశాను, ఎవరికీ ఆపడం చేతకాదు. ఆ నలభై లెక్క ఎలా వేశారు?"

మా ఆయన చక్రి వంక చూశారు. చక్రి కాఫీ వంక చూశాడు. నేను ఒక్కో కప్పూ నెమ్మదిగా పెడుతున్నాను. నాకు జవాబు తెలుసు, నోటి చివరే ఉంది, అయినా తొందరపడలేదు. ఇరవై రెండేళ్ళ నిశ్శబ్దం నాది, ఈ అర నిమిషం వాళ్ళని మోయనిద్దామనిపించింది. చివరికి చక్రి, "వదినగారికి తెలుసు సార్" అన్నాడు.

"అయితే చెప్పండమ్మా" అన్నారు తెరలో ఆయన.

"కూర్చుని చెబుతానండీ" అన్నాను. రెండేళ్ళలో ఆ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఖాళీ కుర్చీ ఒకటే ఉంది, దాని మీద మేడపైన ఆరేసిన అత్తయ్యగారి చీరలు మడతలు పెట్టి ఉన్నాయి, పొద్దున నేనే పెట్టాను. వాటిని తీసి మా ఆయన చేతికిచ్చి కూర్చున్నాను. నలుగురు, పది చేపలు, పది దాటితే జారే చెయ్యి, పిత్తం, పులుసు ముక్క మందం, అన్నీ చెప్పాను. ఐదో మనిషిని పెద్దింట్లమ్మ ఒప్పుకుంటేనే యాభై అవుతుందనీ, ఆవిడ ఒప్పుకోవటానికి నెల పడుతుందనీ చెప్పాను. తెరలో జయపాల్ గారు రాసుకున్నారు. నిజంగానే పెన్ను కదిలింది, నేను చూశాను.

"ఇంకో ఆరు నెలలు చూద్దాం ఆర్.కె. గారూ. మరి దీన్ని ఎవరు నడుపుతారు?"

చీరలు గుండెకి హత్తుకున్న మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకెవరు సార్, రాజ్యమే చూసుకుంటుంది. ఇంట్లోనేగా ఉండేది. ఖాళీ దొరికినప్పుడల్లా చూసుకుంటుంది."

సున్నా గడి మళ్ళీ నా కళ్ళ ముందు కనపడింది. ఈసారి దాంట్లో నా పేరు రాస్తున్నారు.

"ఖాళీ లేదండీ" అన్నాను. గొంతు పెంచలేదు. "నాకు ఖాళీ ఉందని మీరంతా ఎలా అనుకున్నారో నాకు తెలీదు. అరవై మూడో సరుకు నేను నడుపుతాను. పని పేరు, జీతం, కాయితం మీద రాసి ఇవ్వండి. పెద్దింట్లమ్మ నా మాట మీద వస్తుంది. కాశీరావు నా ఫోనుకి ఆగుతాడు. సపోర్ట్ నంబరు నాది. తొందరేం లేదు, ఆలోచించుకోండి. అన్నట్టు అడ్మిన్ టూ పాస్‌వర్డు మార్చాను."

తెరలో జయపాల్ గారు దగ్గో నవ్వో తెలియని చప్పుడొకటి చేశారు.

కాయితం బుధవారం కిందికి వచ్చింది. 'సహాయకురాలు' అని ఉంది, కొట్టేసి పైకి పంపాను. గురువారం 'బాధ్యురాలు, శుభ్రత విభాగం' అని వచ్చింది. ఇది మున్సిపాలిటీ అనుకున్నారేమో. శుక్రవారం చక్రి స్వయంగా దిగొచ్చి, "మీరే రాయండి వదినగారూ" అని పెన్ను ఇచ్చాడు. రాశాను. ప్లాను కాయితం కూడా తెప్పించుకుని ఆ గడిలో సున్నా కొట్టేశాను. అత్తయ్యగారు ఇదంతా చూసి, "అయితే ఇంట్లో చేపలెవరు బాగుచేస్తారే?" అన్నారు. మంచి ప్రశ్న. ఆవిడ కూడా వ్యూహం మనిషే, అవకాశం రాలేదంతే.

దానికి జవాబు శనివారం సాయంత్రం దొరికింది. ఆయన అలవాటుగా ఆదివారానికని చెరువు దగ్గర్నుంచి రెండు కిలోల శీలావతి తెచ్చి, సంచి వంటింటి మేకుకి తగిలించబోయి ఆగారు. నేను హాల్లో కుర్చీలో కూర్చుని ఫోనులో పెద్దింట్లమ్మతో ఐదో మనిషి సంగతి మాట్లాడుతున్నాను. నా వంక చూశారు, సంచి వంక చూశారు, జేబులోంచి ఫోను తీశారు. ఆయన వేళ్ళు నొక్కుతుంటే బల్ల మీద నా లాప్‌టాప్ టింగుమంది. ముప్పై ఎనిమిదో ఆర్డరు, పటమట, ఆర్.కె. బుట్టలో పడింది కానీ ఆర్డరు పూర్తి కాలేదు. ఏదో గడి నింపాల్సి వచ్చి ఆగిపోయింది.

"రాజ్యం," అని పిలిచారు, ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని, పరీక్ష హాల్లో కుర్రాడిలా. "పులుసుకా వేపుడుకా అంటోంది. మనకి ఏది?"

"అది మిమ్మల్నే అడుగుతోందండీ" అన్నాను.